అరవై నాలుగు నకళ్లు

"ఆ ఫోను నువ్వే సేసినావా?" అప్పలసూరి తన చెవులను తనే నమ్మలేక మళ్లీ అడిగాడు.

"నానే సేసినాను అన్నియ్యా. కంపెనీవోల నంబరు డబ్బా మీదే ఉంది కదా. ఏడు మిషన్లకి సుబ్బరంగా ఎక్కింది, ఎనిమిదో దానికి ఎక్కనంటంది, ఏటి సెయ్యాలి బాబూ అని అడిగినాను."

"అన్ని మిషన్లకీ ఒకే డిస్కు ఏసినానని కూడా సెప్పేసినావా?"

"సెప్పకపోతే ఆలకి ఎలగ తెలుస్తాది?" కాసులమ్మ ఎదురు ప్రశ్న వేసింది. "ఆ అమ్మాయి ఎంత మర్యాదగా మాటాడిందో! నా పేరు, ఈది పేరు, సెంటరు అడ్రసు అన్నీ రాసుకుంది."

రాసుకోదూ మరి! ఖిదిర్‌పూర్ రేవులో ఇరవై రెండేళ్లు కాపలా ఉద్యోగం వెలగబెట్టి, అది విడిచి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన అప్పలసూరి రకరకాల దొంగల్ని చూశాడు. ఎత్తుకొచ్చిన సైకిలుకి గాలి తగ్గిందని సొంతదారుడి తలుపే తట్టిన దొంగని మాత్రం ఇంతవరకూ చూడలేదు. ఇలాంటి మనిషి అరవై నాలుగు నకిలీ డిస్కులు చేసి అమ్ముతుందా అని మనసు అడుగుతోంది. మనసు చెప్పినమాట వినకపోవడం అతని వృత్తి. అందుకే జేబులోంచి బాల్ పెన్ను తీసి, ఎడమ అరచేతిలో "ఫోను - సెప్టెంబరు 10" అని రాసుకున్నాడు. కాగితాలు పోతాయి గానీ చెయ్యి ఎక్కడికీ పోదని అతని నమ్మకం.

ఇవాళ సోమవారం, 2004 సెప్టెంబరు ఇరవై. టైము తొమ్మిదీ నలభై. ఖిదిర్‌పూర్ తెలుగు సంఘం ఆఫీసులో ముగ్గురే ఉన్నారు. కాసులమ్మకి ముప్పై తొమ్మిదేళ్లు. రేవులో క్రేను ఖలాసీగా చేసిన మొగుడు పోయాక ఎనిమిది కంప్యూటర్లతో ఒక సెంటరు పెట్టుకుంది. పదకొండు మంది ఆడపిల్లలకి టైపింగు, డిజైను నేర్పుతుంది. ఒకప్పుడు ఇక్కడివాళ్లు తెలుగులో శుభలేఖ వేయించాలంటే శ్రీకాకుళం ఉత్తరం రాసేవారు. ఇప్పుడు కాసులమ్మ దగ్గరికి వస్తారు. ఆ శుభలేఖలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేరు 'చిత్రలేఖ', దాన్ని తయారుచేసే కంపెనీ హైదరాబాదులో ఉంది.

శనివారం పొద్దున్నే ఆ కంపెనీ మనిషి పోలీసుల్ని వెంటబెట్టుకుని సెంటరు మీద పడ్డాడు. మూడో నంబరు మిషను వెనకాల ఆకుపచ్చ ట్రంకు పెట్టెలో అరవై నాలుగు 'చిత్రలేఖ' నకళ్లు దొరికాయి. నకళ్లు చేసి అమ్ముతున్నావంటూ కాసులమ్మని పట్టుకెళ్లారు. ఆదివారం బెయిలు దొరికింది. రేపు పదిన్నరకి మళ్లీ కోర్టులో నిలబడాలి. నేరం రుజువైతే మూడేళ్లదాకా జైలు, సెంటరు శాశ్వతంగా మూత.

మూడో మనిషి వెంకటరత్నం, సంఘం కార్యదర్శి. అరవై దాటిన పెద్దమనిషి, షాలిమార్ గూడ్స్ యార్డు పక్కన ప్రింటింగు సరుకు గోడౌను ఉంది. కాసులమ్మ తరఫున డిటెక్టివ్‌ని పెట్టింది ఆయనే. పొద్దుటినుంచీ కుర్చీలో వెనక్కి వాలి, కళ్లజోడు తీసి తుడుస్తూ, పెట్టుకుంటూ, మళ్లీ తుడుస్తూ వింటున్నాడు.

"ఆ డిస్కు నీకెవులు అమ్మినారు?" అప్పలసూరి అడిగాడు.

కాసులమ్మ చూపు ఒక్క క్షణం పక్కకి పోయి, నేల మీదికి దిగింది. "అసలుదే కొన్నాను అన్నియ్యా. డబ్బాతోటీ, బిల్లుతోటీ."

"ఎవులు అని అడిగినాను."

"బిల్లు పోలీసోలు పట్టుకెల్లిపోయేరు..."

"సూరీ, అదిప్పుడు ఎందుకు?" వెంకటరత్నం మెల్లిగా అడ్డం వచ్చాడు. "కాసులమ్మ కొన్నది ఒక్కటి. పీక మీదికొచ్చింది అరవై నాలుగు. దాని సంగతి సూడు."

అప్పలసూరి తలూపి, అరచేతిలో "బిల్లు?" అని రాసుకున్నాడు. ప్రశ్నగుర్తు రెండుసార్లు దిద్దాడు.

"సరే, శుక్రవారం సంగతి సెప్పు. గంటలతో సెప్పు."

శుక్రవారం పదిహేడో తారీకు, విశ్వకర్మ పూజ. ఆ రోజు రేవులో క్రేనుకి దండ వేస్తారు, రిక్షాకి దండ వేస్తారు, ఆఖరికి కుట్టుమిషనుకీ దండే. కాసులమ్మ చెప్పింది: తొమ్మిదింటికి పంతులుగారు వచ్చారు. ఎనిమిది మిషన్లకీ గంధం, సింధూరం పెట్టి దండలు వేశారు. పదింపావుకి హారతి. పదిన్నరకి గది తాళం వేశారు.

"తాళంచెవి?"

"అమ్మోరి కాళ్లకాడ ఎట్టేస్తాం కదా! ఆ దినం పనిముట్టు ముట్టకూడదు. మనుసు లాగితే ఎల్లి ముట్టేస్తామని, ఖలాసీలు ఎనకటినుంచీ తాళాలన్నీ సంఘం గుళ్లోనే ఎడతారు. మర్నాడు తెల్లారి తెచ్చుకోడమే. శనివారం ఏడింటికి రత్నం బాబుగారు గుడి తలుపు తీసి నా సేతికిచ్చేరు. ఏడూ ఇరవైకి తాళం తీసినాను. ఎనకాలే పోలీసోలు దిగిపోయేరు, లోపల అడుగెట్టనేదు."

అప్పలసూరి అరచేతిలో రెండు అంకెలు వేసుకున్నాడు: 10.30, 7.20. మధ్యలో గీత గీశాడు.

"అన్నియ్యా, నాకు తెలవక అడుగుతాను." కాసులమ్మ గొంతు తగ్గింది. "డబ్బులిచ్చి కొన్నాక ఆ డిస్కు నాదే కదా? నా సీర మా అప్ప కట్టుకుంటే కొట్టోడు తగువుకొస్తాడేటి?"

నిన్న లాయరు దగ్గర కూర్చునేవరకూ అప్పలసూరికీ ఈ సంగతి సరిగా తెలీదు. తెలిసినంత తెలిసినట్టుగా చెప్పాడు. "రైలు టిక్కెట్టు కొన్నావనుకో, రైలు నీదైపోద్దా? ఎక్కే హక్కు మాత్రం నీది. ఒక టిక్కెట్టు మీద ఎనిమిది మంది ఎక్కకూడదు. ఇదీ అంతే. నువ్వు కొన్నది సరుకు కాదు, వాడుకోడానికి అనుమతి. దాన్నే లైసెన్సు అంటారు. ఒక్కో మిషనుకి ఒక్కో లైసెన్సు ఉండాల. కాయితం మీద సంతకం ఎట్టి ఒప్పుకోవాల."

"అయితే నాను మిగతా మిషన్లని టిక్కెట్టు నేకుండా ఎక్కించేసినానన్నమాట." ఆమె ముఖం ఎర్రబడింది, సిగ్గుతోనే. "ఇన్నాల్లూ ఎవులూ సెప్పనేదేటి అన్నియ్యా? ఆ కాయితాలు ఇప్పుడు తెచ్చుకుంటే తప్పు మాసిపోద్దా?"

"మాసిపోదు. కోర్టు కొంచెం మెత్తబడొచ్చు."

వెంకటరత్నం తుడుస్తున్న కళ్లజోడు ఆగింది. "నాను కనుక్కుంటాను," అంటూ లేచాడు. "లాయరు దగ్గరికి ఎలాగూ ఎల్లాల. కాసులమ్మా, నువ్వు ఇంటికాడే ఉండు, కబురెడతాను." టైము పదింపావు. ఆ తొందర చూసి, ఈ వయసులో ఎంత తిరుగుతున్నాడో పాపం అనుకున్నాడు అప్పలసూరి. తర్వాత ఆ 'పాపం' అన్న మాట గుర్తొచ్చినప్పుడల్లా తనని తను తిట్టుకున్నాడు.

పదకొండింటికి సెంటరు ముందు సబ్ ఇన్‌స్పెక్టర్ మండల్ బాబు లక్క సీలు పగలగొట్టాడు. ఎనిమిది మిషన్లు ఠాణాలో పెట్టే చోటు లేక గదికే తాళం వేసి సీలు చేశారు. కోర్టు అనుమతితో నిందితురాలి తరఫు మనిషి ఒకసారి చూడొచ్చు. చెయ్యి వెయ్యాలంటే కంపెనీ మనిషి ఎదురుగా ఉండాలి.

కంపెనీ మనిషి ముందే వచ్చి ఉన్నాడు. రఘురాం, ముప్పై రెండేళ్లు. ఈ ఉక్కలో కూడా టై కట్టాడు. నకిలీ సాఫ్ట్‌వేర్ పట్టుకునే పని మీద హైదరాబాదునుంచి ఊళ్లు తిరుగుతుంటాడు. ఇప్పటికి నలభై దాడులు చేశానని పరిచయంలోనే చెప్పుకున్నాడు.

"సూరి గారు, పెద్దవారు, మీ టైం వేస్ట్ చేసుకుంటున్నరు," అన్నాడు. "ఆమె నోటితోటి ఆమే ఒప్పుకున్నది. మా హెల్ప్‌లైన్ల రికార్డు ఉన్నది."

"ఒప్పుకున్నది ఎనిమిది మిషన్ల సంగతి. అరవై నాలుగు సంగతి కాదు."

"రెండింటికీ తేడా ఏమున్నది? దొంగతనమే గద. ఇరవై మంది కూసొని మూడేండ్లు రాసిన ప్రోగ్రాం సార్ అది. వాళ్లకు ఇండ్లున్నయి, పిల్లలున్నరు. ఒక్కరు కొంటే వంద మంది నకలు చేసుకుంటరు. అడిగితే, మాకు తెల్వదు సార్ అంటరు. హోటల్ల అన్నం తిని, పైసలియ్యాలని తెల్వదంటే నడుస్తదా?"

"అన్నం తింటే గిన్నె కాళీ అవుద్ది బాబూ. నకలు తీస్తే మీ డిస్కు మీ దగ్గరే ఉంటాది. అందుకే జనానికి అది దొంగతనంలాగ కనబడదు. నీకు కోపం వచ్చి లాభం నేదు, ఎవులో ఒకలు కూకుని సెప్పాల."

"చెప్పిన తర్వాత మానేస్తరా?" రఘురాం నవ్వాడు. "మీ ఆఫీసుల కంప్యూటర్ ఉన్నది గద. అందుల ఉన్నవాటికి బిల్లులున్నయా సార్?"

అప్పలసూరికి కంప్యూటరు అమ్మినవాడే అన్నీ వేసి ఇచ్చాడు, ఉచితంగా, నవ్వుతూ. ఏం వేశాడో ఇతనూ అడగలేదు. మండల్ బాబు ఎందుకో గట్టిగా దగ్గి, ఠాణా కంప్యూటరు ప్రస్తావన రాకముందే గది తలుపు తోసేశాడు. "ఆషున్, షూరీ-దా, లోపలికి రండి."

గదిలో వాడిన బంతిపూల వాసన. ఎనిమిది మిషన్ల మీదా దండలు అలాగే ఉన్నాయి. అప్పలసూరి గుమ్మంలో నిలబడి ఒక నిమిషం ఊరికే చూశాడు. తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని మూడో నంబరు మిషను దగ్గరికి వెళ్లి వంగాడు. డిస్కుల మీద రాయగల సీడీ రైటరు ఈ ఒక్క మిషనుకే ఉంది.

"నీ సాక్ష్యం ఏటో సూపించు బాబూ."

రఘురాం బ్రీఫ్‌కేసులోంచి ఒక కాగితం తీసి మురిపెంగా అందించాడు. కంప్యూటరు ఏ పని ఎప్పుడు చేసిందో దానంతటదే రాసుకునే చిట్టా అది. మిషను పేరు మూడో నంబరు. తారీకు సెప్టెంబరు పదిహేడు. మొదటి నకలు పదకొండూ పదికి మొదలు, చివరిది నాలుగున్నరకి పూర్తి. మొత్తం అరవై నాలుగు.

అప్పలసూరి పెదాలు కదుపుతూ లెక్క కట్టాడు. పదకొండూ పది నుంచి నాలుగున్నరకి మూడు వందల ఇరవై నిమిషాలు. నకలుకి అయిదు నిమిషాలు. అరవై నాలుగు అయిదులు మూడు వందల ఇరవై.

"లెక్క సరిపోయింది," అన్నాడు. "మరీ సరిపోయింది. టీ తాగనేదు, అన్నం తిననేదు, డిస్కు మార్చడానికి అరనిమిషం అయినా పట్టనేదు. మనిషి సేసిందేనా ఇది?"

"అవన్నీ మాటలు సార్. చిట్టా చిట్టానే."

"సరే, నిజమే అనుకుందాం. శనివారం దాడిలో మీరు ఈ మిషను ఆన్ సేసినారా?"

"అంత తెలివి తక్కువోన్ని కాదు. ఆన్ చేస్తే సాక్ష్యం పాడైతది. ఎవ్వలూ ముట్టలే, ఫోటోలు తీసి సీలు చేసినం."

"ముట్టనేదా?"

"వేలు గూడ పెట్టలే."

"మరైతే ఈ చిట్టా ఏ మిషను కడుపులోంచి తీసినారు బాబూ?"

మండల్ బాబు తలుపు దగ్గర్నుంచి రెండడుగులు ముందుకొచ్చాడు. నలభై దాడులు చేసినవాడు నాలుగు మాటలకి దొరికిపోవడం అప్పలసూరికి కొంచెం సంతోషంగానే ఉంది, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"ఒక లెటర్ వచ్చింది," రఘురాం చివరికి గొణిగాడు. "పేరు లేదు. దాంతోపాటు ఈ షీటు. డిస్కులు మూడో మెషీన్ ఎన్క ఆకుపచ్చ ట్రంకుల ఉన్నయని రాసిండ్రు. నేను దిగిన లాడ్జి కౌంటర్ల ఇచ్చిపోయిండ్రు."

"ఎన్నింటికి?"

"శుక్రవారం సాయంత్రం ఏడింటికి. కౌంటర్ల టైం రాసుకుంటరు."

అప్పలసూరి అరచెయ్యి చాపి 7.00 అని రాశాడు. 10.30కీ 7.20కీ మధ్య గీసిన గీత మీద అది సరిగ్గా కూర్చుంది. తర్వాత మండల్ బాబుని పిలిచి సీడీ రైటరు మూత చూపించాడు. కాసులమ్మ గంధం బొట్టు పెట్టింది, దాని మీద సింధూరం. ఇంట్లో తలుపుకి, ద్వారబంధానికి కలిపి పెట్టినట్టు సగం మూత మీద, సగం పెట్టె మీద పెట్టింది. ఎండి గట్టిపడింది. సన్నని చీలిక కూడా లేదు.

"మూత తెరిస్తే ఇది పగలాల. ఒక్కసారి కూడా తెరవనేదు. అరవై నాలుగుసార్లు తెరిసినారని ఆ కాయితం అంటంది."

"సాయంత్రం మళ్ల పెట్టి ఉండొచ్చు," రఘురాం వెంటనే అన్నాడు. "భక్తి ఉన్నోళ్లు తప్పు చెయ్యరని చట్టంల రాసి లేదు."

"నిజమే, రాసి నేదు. తెరిపించండి మరి."

కరెంటు లేకుండా తెరవాలి. రఘురాం ఫైలుకున్న పిన్ను ఊడదీసి సాగదీశాడు. మూత కింద చిన్న బెజ్జంలో దాన్ని దూర్చి నొక్కాడు. బొట్టు పెళుసుగా పగిలి, గంధం పొడి రాలింది. పళ్లెం ఒక వేలెడు బయటికొచ్చి ఆగింది. లాగితే అందులో ఒక డిస్కు ఉంది. పైన 'చిత్రలేఖ' అని కంపెనీ ముద్ర. దాని మీదా బొట్టే. మండల్ బాబు రుమాలుతో ఎత్తబోతే రాలేదు. అడుగు వైపు కూడా తడి గంధం పెట్టడంతో డిస్కు పళ్లేనికి అతుక్కుపోయింది.

"అరె రామా," అన్నాడు రఘురాం, తనకి తెలియకుండానే. "మెరిసే దిక్కు గంధం పెడతరా ఎవరన్న? డిస్కు ఖరాబైతది గద!"

"మిషనుకి దండ, ప్రాణానికి బొట్టు. ఆ అమ్మకి తెలిసింది అంతే." అప్పలసూరి నవ్వలేదు. "పదిన్నర ముందు ఎట్టిన డిస్కు మూడు రోజులుగా ఇక్కడే అంటుకుని ఉంది. దీని మీంచి ఇంకో డిస్కు ఎలగ ఏస్తారు బాబూ?"

మండల్ బాబు గోటితో మెల్లిగా ఊడదీసి, డిస్కుని తిప్పి వెలుతురులో పెట్టాడు. గంధం లేని చోట అడుగు నీలంగా మెరిసింది.

రఘురాం ముఖం మారిపోయింది. గబుక్కున డిస్కు అందుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. సాక్ష్యం సంచిలోంచి నకిలీ డిస్కు ఒకటి తీయించి పక్కన పెట్టి చూశాడు. రెండూ ఒకటే నీలం. నడిమి బెజ్జం చుట్టూ సన్నగా చెక్కిన నంబరులో మొదటి ఆరు అంకెలు కూడా ఒకటే.

"మా కంపెనీ డిస్కు అచ్చు పోసి తీస్తం. అడుగున తెల్లగ వెండి లెక్క ఉంటది," అన్నాడు నెమ్మదిగా. "ఇది మాది కాదు. పైన ముద్ర మాత్రం అచ్చం మాదే. ఆమె అసలుదని కొన్నదే నకిలీ."

"అందుకే ఎనిమిదో మిషనుకి డిస్కు ఎక్కనేదు. అందుకే ఆ అమ్మ మీకు ఫోను సేసింది. ఆ ఫోనుతో మీరొచ్చినారు. మీరొస్తే నకిలీ అమ్మినోడి మెడకి సుట్టుకుంటాది. మీరు వాణ్ని వెతక్కముందే ఇంకొకర్ని సూపించాల." అప్పలసూరి మండల్ బాబు వైపు తిరిగాడు. "దాదా, బిల్లు మీరు పట్టుకెళ్లినారని ఆమె అంది."

మండల్ బాబు జప్తు జాబితా తిరగేశాడు. మిషన్లు ఎనిమిది, ట్రంకు ఒకటి, డిస్కులు అరవై నాలుగు, డబ్బా ఒకటి. బిల్లు లేదు.

"ఎనిమిది మెషీన్ల తప్పు ఆమెదే," రఘురాం అన్నాడు. పౌరుషం ఇంకా పూర్తిగా చావలేదు. "అది నేను విడిచిపెట్ట."

"ఇడిసిపెట్టమని నానూ అడగను. దానికి కట్టవలసింది ఏదో కడుద్ది. ఇప్పుడు చిట్టా సంగతి ఆలోచించండి. దాని మాటే నమ్మినా, ఈ నకళ్లు శుక్రవారం పదకొండూ పది తర్వాత పుట్టినాయి. ఏడింటికల్లా ట్రంకులో ఉన్నాయి. గదికి పదిన్నరకే తాళం పడింది. పుట్టింది ఎక్కడో మరో చోట. పండగపూట పనివాళ్లకి సెలవిచ్చి, ఒక్కడే కూకుని చేసుకునే చోట. హైదరాబాదోలకి పదిహేడు ఒట్టి తారీకే కదా, విశ్వకర్మ పూజని ఆలకి ఎలగ తెలుస్తాదనుకున్నాడు. సాయంత్రం తెచ్చి ఈ గదిలో ఎట్టినాడు. తాళం పగలనేదు. అంటే తాళంచెవి ఉంది."

"చెవి ఎక్కడుంది?" మండల్ బాబు అడిగాడు.

"అమ్మోరి కాళ్లకాడ."

"గుడి తాళం?"

ఒక్కడి దగ్గరే ఉంటుంది. ఆ పేరు అప్పలసూరి నాలుక చివరికొచ్చింది. తనని ఈ కేసుకి పెట్టిన మనిషి ఆయనే. డిటెక్టివ్ ఏం కనిపెడుతున్నాడో పక్కన కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటూ వినడానికి అంతకన్నా మంచి మార్గం ఏముంది? బిల్లు ఊసెత్తగానే అడ్డం వచ్చింది ఎవరు? షాలిమార్ గోడౌనులో ప్రింటింగు సరుకు ఎవరిది? పొద్దున్న ఆ కుర్చీ పక్కనే కూర్చుని తను ఒక్కటీ అడగలేదు.

"వెంకటరత్నం," అన్నాడు. "ఇప్పుడు లాయరు దగ్గర..."

మాట పూర్తి కాకుండానే గుమ్మంలో కాసులమ్మ ప్రత్యక్షమైంది. ముఖం వెలిగిపోతోంది. చంకలో కొత్త అట్ట ఫైలు. శనివారం తర్వాత ఆమె నవ్వడం ఇదే మొదలు. మండల్ బాబు వారిస్తున్నా వినకుండా నేరుగా రఘురాం ముందుకొచ్చి నిలబడింది.

"బాబూ, మీరు పొట్టకోసం ఒచ్చినారు, మీమీద నాకు కోపం నేదు. తప్పు నాదే. తెలవక సేసినాను. ఇంక మీకు ఏ బాదా నేదు."

"ఎక్కడినుంచి వస్తన్నావమ్మా?" అప్పలసూరి అడిగాడు. "ఇంటికాడే ఉండమన్నారు కదా."

"రత్నం బాబుగారు టాక్సీ పంపించేరు అన్నియ్యా. అలీపూర్‌లో నోటరీగారి కాడికి ఎల్లినాం. నువ్వు పొద్దున్న సెప్పిన కాయితాలే! ఆయన ఒక్క పూటలో పుట్టించేరు. మాంచి స్టాంపు కాయితాలు."

"కాసులమ్మా, ఆ డిస్కు నీకు అమ్మింది ఎవులు?"

"ఇప్పుడింక సెప్పేస్తే ఏటి? రత్నం బాబుగారే తెచ్చిపెట్టేరు. మిగతావోలు కూడా ఆ రేటుకే అడుగుతారని పేరు సెప్పొద్దన్నారు. బిల్లు కూడా నా కాడ పోతాదని ఆయనే దాసేరు. ఫోను సంగతి కూడా ఆ దినమే ఆయనకి సెప్పినాను." ఆమెకి ఆ ప్రశ్న చాలా చిన్నదిగా తోచింది. ఫైలు విప్పి కాగితాలు రఘురాం చేతిలో పెట్టింది. "ఇవి నకళ్లు. అసలువి ఆయన కాడే ఉన్నాయి. మద్దేనం రెండు గంటలకి కోర్టులో దాకలు సేసేస్తానన్నారు."

రఘురాం మొదటి కాగితం చదివాడు. అంతా కోర్టు ఇంగ్లీషు, కాసులమ్మకి కొరుకుడు పడనిది. రెండోది తిప్పాడు, మూడోది తిప్పాడు. నాలుగోదానికి ఆగిపోయి అప్పలసూరి వైపు చూశాడు. ఆ చూపులో పోటీ లేదు, బెదురు ఉంది.

"సార్," అన్నాడు గొంతు తగ్గించి, కాసులమ్మకి వినపడకుండా పక్కకి జరిగి. "నకిలీ డిస్కులు నేనే తయారుచేసిన, నేనే అమ్మిన, ఎవరి ప్రమేయం లేదు, ఎవరి ఒత్తిడి లేదు అని ఉన్నది. ఒక్కొక్క కాయితంల ఒక్కొక్క ఊరి పేరున్నది. ఖిదిర్‌పూర్, బడ్జ్ బడ్జ్, షాలిమార్... ఆయన ఎక్కడెక్కడ అమ్మిండో అన్నీ ఈమె నెత్తిన పెట్టిండు. దేనికదే వేరే కేసు. అన్నింటి కింద ఈమె సంతకం."

అప్పలసూరి గోడ గడియారం చూశాడు. ఒంటిగంటా ఇరవై. మండల్ బాబు అప్పటికే జీపు వైపు పరుగెత్తాడు. కాయితం మీద సంతకం పెట్టి ఒప్పుకోవాలని ఆమెకి నేర్పింది తనేనన్న సంగతి అప్పలసూరిని నేలకి కట్టేసింది.

కాసులమ్మ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"మంచి కాయితాలే కదా అన్నియ్యా?" అంది. "ఎనిమిది మిషన్లకీ ఎనిమిదీ ఉన్నాయి. నాను లెక్కెట్టుకునే సంతకాలెట్టినాను."